వన్ మోర్

సాలిగ్రామంలో రెండో అంతస్తు,
గుడ్డ తొడిగిన గోడల గది.
టేకప్పుడు ఏసీ కూడా ఆపేస్తారు.
పదిహేనేళ్లుగా ఇక్కడ
మామగార్లకీ, ఇన్‌స్పెక్టర్లకీ,
మంచం మీద చచ్చిపోయే తండ్రులకీ
తెలుగు అందిస్తున్నాను.
ముఖాలు వాళ్లవి. ఊపిరి నాది.

అద్దం అవతల ఇళంగో.
తెలుగు రాదు. కానీ నా తెలుగులో
ఎక్కడ గాలి బుసకొట్టిందో తెర మీద చూపిస్తాడు.
డైలాగుకీ డైలాగుకీ నడుమ
గొంగళిపురుగంత మెలిక.
"ఇది మీరే సార్."
కత్తిరిస్తాడు.
ఆడిమాసంలో ఓ రోజు, ఒక్క ఎపిసోడుకి నలభయ్యొక్కటి.
అంకె కాగితం మీద రాసి
ఏమీ అనకుండా నా టీ గ్లాసు కింద పెట్టాడు.

ఆ సాయంత్రమే సిగరెట్టు మానేశాను.
మానేశానని అందరికీ చెప్పాను కూడా.
రిచీ స్ట్రీట్‌లో ఛార్జర్లు అమ్మే కుర్రాడు
స్క్రీన్‌గార్డుల డబ్బా వెనకనుంచి తీసిచ్చాడు.
నిషేధం కదా, రసీదు ఉండదు.
చిటికెన వేలంత. ఊదారంగు. పుచ్చకాయ రుచి.

మనం పొగ పీల్చం, తాగుతాం.
మరి దీన్ని ఏం చేస్తాం?
ఇన్ని మాటలు నలిగిన నోట్లో
దీనికి క్రియాపదం దొరకలేదు.
పేరే లేనిది తప్పెలా అవుతుంది, అనుకున్నాను.

సిగరెట్టుకి కాస్త నీతి ఉండేది.
కాలేది, అయిపోయేది, వేలు చురుక్కుమనిపించి
ఇక లే, లోపలికి పో అనేది.
దీనికి చివర లేదు.
లిఫ్టులో రెండంతస్తుల మధ్య,
పవర్‌హౌస్ స్టాపులో బస్సు కోసం,
బస్సొచ్చాక బస్సు వెనక,
రాత్రి రెండింటికి దుప్పట్లో
మిణుకుమనే నీలం చుక్క.

"దిండుకి పుచ్చకాయ వాసనేంటి, కార్తీకంలో?"
హైమ అడిగింది.
కొత్త సబ్బు అన్నాను.
ఎవరెవరి అబద్ధాలో నిజంలా పలికిన గొంతు
ఆ రెండు మాటల దగ్గర
పెదవికి అతకలేదు.
ఆమె నా నోరు చూస్తూ నిలబడింది.

మర్నాడు దాన్ని ఇళంగో చేతికిచ్చాను.
పాడైన హెడ్‌ఫోన్ల పక్కన, డ్రాయరులో పడేశాడు.

మొదటి రోజు స్క్రిప్టులో ఒత్తులు ఈదాయి.
మూడో రోజు పది రూపాయల కోసం
ఆటో అతని మీద అరిచాను, శుద్ధమైన గ్రాంథికంలో.
అతను భయపడి డబ్బులు వెనక్కిచ్చేశాడు.
పదకొండో రోజు హాస్యగాడికి చెబుతూ ఏడ్చాను.
డైరెక్టరు అది ఉంచేశాడు.
జేబులో లవంగాలు. చొక్కాలన్నిటికీ మరకలు.
నెల తిరిగాక ఓ పొద్దున తలుపు తీస్తే
ఆ గుడ్డ గోడల కంపు తగిలింది.
పదిహేనేళ్ల నేనే.

పుండు మానింది అంటాం, పొగ మానాడు అంటాం.
ఒకటే మాట అని
నలభయ్యారేళ్లకి మందుల షాపు క్యూలో తట్టింది.
మానేటప్పుడు దురద పెడుతుంది, అదీ నిజమే.

ఇవాళ ప్లీడరు పాత్ర.
బాల్కనీలో నిలబడి సిగరెట్టు ముట్టిస్తాడు.
మాట లేదు. పొడుగ్గా ఊదుతాడు, అంతే.
బొమ్మలో తర్వాత దాన్ని మసక చేస్తారట,
ఊదడం మాత్రం వినబడాలి.
ఇన్నేళ్లూ కత్తిరించిన మనిషి
అద్దం అవతలనుంచి అడిగాడు:
"ఇక్కడ గాలి కావాలి సార్."

కళ్లు మూసుకుని లాగాను.
చాలాకాలంగా దిగని మెట్టు దాకా దిగింది.
వదిలాను.
పొగంతా తెర మీదే. గదిలో ఏమీ లేదు,
నా ముందున్న కాగితం అంచు కొంచెం కదిలింది.

ఇళంగో చెవి మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు.
మళ్లీ విన్నాడు.
"బాగుంది సార్.
వన్ మోర్."

ఇన్నాళ్లూ నన్ను ముంచిన మాట అదే.
అతని మోకాలి దగ్గరే డ్రాయరు.
లవంగం దవడకి నెట్టి
మైకు వైపు ఒక అడుగు వేశాను.